మంత్రి లేని మంత్రి ఫొటోలు

మా పేపర్ ఆఫీసులో ఫొటోల బీరువాకు తాళం ఉండేది కాదు. తాళం వేసి దాచుకోవాల్సిందేదో అందులో ఉందని ఎవరూ అనుకోలేదు. ఖమ్మంలో వైరా రోడ్డు నుంచి చీలిన ఒక సందులో, కింద పురుగుమందుల దుకాణం, పైన మా ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే మందు వాసన గొంతులోకి వచ్చేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అక్కడ సబ్ ఎడిటర్‌గా చేరాను. డెస్కులో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి వంటల పేజీ, పండుగల పేజీ నా చేతిలో పెట్టబోయారు. నేను జిల్లా వార్తలే కావాలని పట్టుబట్టాను. జిల్లా వార్తలంటే ఏమిటో తెలిశాక, వంటల పేజీలో కనీసం పప్పూ ఉప్పూ ఉంటాయి కదా అని చాలాసార్లు అనిపించింది.

జిల్లా వార్త అంటే రిబ్బను. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రిబ్బను కత్తిరిస్తారు. ఆయన కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు, వెనక నుంచి మెడలు సాచి కెమెరాలోకి తల దూర్చేవాళ్ళు ఇంకొంతమంది. ఫొటో కింద వాళ్ళందరి పేర్లూ ఇంటిపేర్లతో, పదవులతో సహా రాయాలి. ఒక్క పేరు పోతే తెల్లారేసరికి ఫోను. పెనుబల్లి నుంచి ఒక నాయకుడు తన పేరులో దీర్ఘం పోయిందని బస్సెక్కి వచ్చి, సవరణ వేస్తామని చెప్పేదాకా మా ఆఫీసులో కుర్చీ వదల్లేదు. అదే పేజీలో, అదే రోజు, గోదావరి ఇల్లు ముంచేస్తే గట్టు మీద కూర్చున్న మనిషి ఫొటో వేసి, కింద ‘దిక్కుతోచని గిరిజన మహిళ’ అని రాసేవాళ్ళం. ఆమెకు దిక్కు బాగానే తోచింది. పిల్లల్నీ మేకల్నీ గట్టెక్కించాకే కూర్చుంది. ఆమె పేరు అడగాలని మాత్రం మాకు తోచలేదు.

ఇక్కడ నేనెవరి పేరూ రాయను. రిబ్బన్లు కత్తిరించినవాళ్ళు బతికినన్నాళ్ళూ పేపర్లో తమ పేర్లు చూసుకుని మురిశారు. వాళ్ళకది చాలు.

మా ఫొటోగ్రాఫర్ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఖమ్మం ఎండలో కూడా జేబులు జేబులుగా ఉండే కోటు వేసుకుని, జుట్టుకు నల్లరంగు కొట్టుకుని, తనని చూసి మంత్రులు గుర్తుపడతారన్న ఒక్క గర్వంతో బతికేవాడు. ఇరవై ఏళ్ళుగా జిల్లా అంతా తిరిగి తీసిన నెగిటివులు ఆ బీరువాలోనే ఉండేవి. వాటి మీద ఆయనకే ప్రేమ లేదు. ఒకసారి అడిగితే, “పేపర్ ఫొటో అంటె ఏంది చెల్లె? పొద్దున చూస్తరు, సాయంత్రం మిర్చిబజ్జీ కట్టిస్తరు. గంతే,” అన్నాడు.

ఒక వేసవిలో నాకు బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం ఫొటో ఒకటి కావాల్సి వచ్చి ఆ బీరువా తెరిచాను. నెగిటివులు పట్టీలుగా కత్తిరించి, కవర్లలో పెట్టి, కవరు మీద ఊరి పేరో పని పేరో గీకి ఉన్నాయి. కిటికీ వెలుతురుకు ఒక పట్టీ ఎత్తి చూశాను. తర్వాత ఇంకోటి. ఆ సాయంత్రం పేజీ ఆలస్యమైంది.

ఏం చూశానంటే, చెప్పుకోవడానికి పెద్ద సంగతులేమీ కాదు. కొత్తగూడెంలో షిఫ్టు దిగి వస్తున్న గని కార్మికులు. మొహాలు నల్లగా, ఒకడు మాత్రం అప్పుడే కడుక్కున్న మొహంతో వాళ్ళ మధ్యలో నవ్వుతున్నాడు. భద్రాచలం రోడ్ అని బోర్డున్న స్టేషన్లో దిగి, గుడి ఎటు అని అడుగుతున్న యాత్రికుల గుంపు; ఇది భద్రాచలం కాదు, కొత్తగూడెం, అక్కడికి ఇంకా బస్సెక్కాలి అని ఎవరో చెబుతుంటే వాళ్ళ మొహాలు. ఇల్లందు బస్సు టాపు మీద మనుషులు, సైకిళ్ళు, ఒక మంచం. మున్నేరులో బట్టలుతికే బండలు. మిర్చి యార్డులో ఘాటుకు ముక్కులకు కొంగులు చుట్టుకున్న కూలి ఆడవాళ్ళు. సంతలో ఇప్పపువ్వు గంపలు. కోయ పల్లెల్లో ఆకు కట్టలు ఎండబెట్టిన కల్లాలు, వాటి మధ్య చెప్పుల్లేని కాళ్ళు. వీటిలో ఎక్కువ భాగం ఎన్నడూ అచ్చు కాలేదు. రిబ్బను దగ్గరికి వెళ్తూ దారిలో, తిరిగి వస్తూ దారిలో, రీలు మిగిలిందని తీసినవి. ఆ దారి ఫొటోల్లోనే ఊరు ఉంది. అచ్చయిన ఫొటోల్లో రిబ్బన్లున్నాయి.

నేనీ మాట ఆయనతో అంటే నవ్వాడు. “రీలు కతం చేస్తె తప్ప కడగనియ్యరు గదా, అందుకే కొట్టిన,” అన్నాడు.

తర్వాత డిజిటల్ కెమెరా వచ్చింది. మా ఎడిషన్ ఇన్‌చార్జి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మాటకు ముందు ‘అసలు’ అనే అలవాటు. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ ఒక్క కెమెరాను ఇరవై ఏళ్ళ మనిషికి ఇవ్వకుండా, అప్పుడే పనిలో పెట్టుకున్న తన బామ్మర్దికి ఇచ్చాడు. మా అన్న ఆ రోజు కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఇన్‌చార్జి ఓదార్పుగా, “అసలు మీకిక రెస్టండీ. ఫిల్ము అయిపోయింది,” అన్నాడు. ఆ మాట అన్నవాడికి మనిషికీ ఫిల్ముకూ తేడా తెలియలేదు.

డార్క్‌రూము తీసేసి అందులో ఏసీ పెట్టాలన్నారు. కంప్యూటర్లకని చెప్పారు గానీ, కుర్చీ మాత్రం ఇన్‌చార్జిది వేశారు. బీరువా అడ్డమైంది. ఒక సోమవారం ఆయన బీరువా ముందు నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆజ్ఞాపించాడు.

“ఏంటండీ ఇదంతా? అసలు ఎవరు చూస్తారివి? వీఐపీలవి ఉంచండి. దేవుడివి ఉంచండి, కల్యాణానికి పనికొస్తాయి. మిగతా చెత్తంతా తీసేయండి. ఎక్స్‌రే ఫిల్ములు కొనేవాడొకడున్నాడంట, రేపొచ్చి పట్టుకెళ్తాడు.”

ఆ కొనేవాడి సంగతి నాకు తెలుసు. దవాఖానాల చుట్టూ మోపెడ్ మీద తిరిగి పాత ఎక్స్‌రేలు పోగేసి పట్టుకెళ్ళేవాడు. వాటిని మందునీళ్ళలో కడిగితే అడుగున పిసరంత వెండి మిగులుతుందట. మా జిల్లా ఇరవై ఏళ్ళ మొహాలు కూడా అలాగే కడిగి వెండి తీస్తారన్నమాట. “సార్, ఊరు చరిత్ర ఇది,” అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. “చరిత్రంటే నాయకులేగా అమ్మా. వాళ్ళవి ఉంచమన్నానుగా,” అన్నాడు.

ఆ మాటే నాకు దారి చూపించింది. మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి పోతే, కునుకు తీసి గానీ తిరిగొచ్చేవాడు కాదు. నేను కొత్త కవర్ల కట్ట తెచ్చి, మా అన్న ముందు పెట్టాను.

“వీటిని మంత్రి పేరు మీద మారుద్దాం అన్నా.”

“ఏంది?”

“తునికాకు కల్లం తీసి ‘మంత్రి పర్యటన, అటవీ గ్రామాలు’ అని రాద్దాం. గని కార్మికులు, ‘మంత్రి పర్యటన, కొత్తగూడెం’. లోపలేముందో ఆయన చూస్తాడా?”

ఆయన కాసేపు నావైపు, కాసేపు కొత్త కెమెరా పెట్టిన టేబులు వైపు చూశాడు. చరిత్ర మీద ప్రేమతో ఒప్పుకున్నాడని చెప్పను. ఆ కెమెరా మీద కోపంతోనే ఒప్పుకున్నాడు. నాకా కోపమే చాలనిపించింది. ఈ దేశంలో మంచి పనులు చాలా వరకు పగతోనే అయ్యాయేమో.

ఇద్దరం కూర్చుని రాయడం మొదలుపెట్టాం. సంత ఫొటోలు చేతికొచ్చినప్పుడు, వీటికి ‘కల్యాణం, భక్తజనం’ అని రాద్దామన్నాను. ఆయన పెన్ను ఆపేశాడు.

“గట్ల వద్దు చెల్లె. మంత్రి పేరు మీద ఎన్ని అబద్ధాలన్న రాస్త. రాముని పేరు మీద రాయ.”

సరేనన్నాను. దాంతో భారమంతా ఒక్క మంత్రి మీదే పడింది. ఆ మంత్రి మా జిల్లావాడే. పదవిలో ఉన్నన్నాళ్ళూ గెస్ట్‌హౌస్ దాటి పల్లె మొహం చూసినవాడు కాదు. ఆ మధ్యాహ్నం మాత్రం కాలు కింద పెట్టకుండా ఇల్లందు బస్సు టాపెక్కాడు, మున్నేరులో దిగాడు, మిర్చి యార్డు ఘాటు పీల్చాడు, గోదావరి గట్టు మీద మేకల మధ్య కూర్చున్నాడు. మా అన్నకు రాస్తున్నకొద్దీ ఉత్సాహమొచ్చింది. “గీ ఊరికి రోడ్డే లేదు చెల్లె. మంత్రి ఎట్ల పోయిండని రాద్దాం?” అని అడిగాడు. “నడిచి పోయాడని రాయన్నా,” అన్నాను. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

కానీ అన్నీ మార్చే సమయం దొరకలేదు. ఇన్‌చార్జి వచ్చేసరికి కింది రెండు అరలు మిగిలిపోయాయి. మర్నాడు మోపెడ్ మనిషి వచ్చి వాటిని ఎరువుల సంచుల్లో కుక్కాడు. సంచి మూతి కడుతుంటే ఒక కవరు జారి పడింది. మా అన్న వంగి తీసి, కవరు మీద రాత చదివి, తిరిగి సంచిలోనే వేశాడు. మోపెడ్ సందు మలుపు తిరిగాక, “మా పెండ్లయిన కొత్తల తీసినయ్. జాతర్లు,” అని ఒక్క మాటన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మిర్చిబజ్జీ మాట ఎత్తలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఆ మంత్రి పోయాడు. పదవి ఎప్పుడో పోయింది, అప్పుడు మనిషి కూడా పోయాడు. సాయంత్రం వార్త రాగానే ఇన్‌చార్జి ఏసీ గది నుంచి బయటికొచ్చి, చొక్కా చేతులు మడిచి, యుద్ధానికి పోతున్నట్టు డెస్కు మధ్యలో నిలబడ్డాడు. పేజీ నిండా ఆయన జీవితం వేయాలన్నాడు. ‘ప్రజల మనిషి’ అని హెడ్డింగు ఆయనే చెప్పాడు.

“అసలు మన దగ్గర ఈయన ఫొటోలు బోలెడున్నాయిగా? బీరువా నిండా ఈయనే. వరదలప్పటివి తీయండి. జనం మధ్యలో ఉన్నవి.”

నేను లేచేలోపే బామ్మర్ది బీరువా తెరిచి ఒక చేత్తో పట్టినన్ని కవర్లు తెచ్చి లైటుబల్ల మీద పరిచాడు. ఇన్‌చార్జి వంగి చూశాడు. పట్టీ తర్వాత పట్టీ. మొదట ఆయన మొహంలో తికమక. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఖరికి ఒక పట్టీ నా ముందుకు చాపి అడిగాడు.

“ఇందులో మంత్రిగారెక్కడున్నారండీ?”

“లేరు సార్.”

“కవరు మీద మంత్రి పర్యటన, వరద ప్రాంతం అనుందిగా?”

“ఆ ఊరికి మంత్రిగారు ఎప్పుడూ వెళ్ళలేదు సార్. మనమే తీసుకెళ్ళాం.”

డెస్కులో ఎవరో నవ్వి దగ్గుగా మార్చారు. ఇన్‌చార్జి ఎర్రబడ్డాడు. “ఈ మేకలేంటి? ఈ ముసలమ్మెవరు? ప్రజల మనిషని హెడ్డింగు పెట్టి మేకల ఫొటో వేయమంటారా నన్ను?” అని అరిచాడు. నిజానికి అంతకన్నా నిజాయితీ గల పేజీ మా పేపరు జన్మలో వేసి ఉండేది కాదు. చివరికి ఏదో పెట్రోలు బంకు ప్రారంభం ఫొటోలోంచి రిబ్బను కత్తిరించి పారేసి, మంత్రి మొహాన్ని మాత్రం పెద్దది చేసి వేశారు. మర్నాడు పేపర్లో ఆ ప్రజల మనిషి కత్తెర పట్టుకున్న చెయ్యి కనబడకుండా, దేనివైపో వంగి దీక్షగా చూస్తున్నాడు. జనం కష్టం చూస్తున్నాడని కింద రాశారు.

నన్ను పిలిచి చీవాట్లు పెట్టారు. మా అన్నను పిలవలేదు; ఆయన రాత ఇన్‌చార్జికి తెలియదు. నా రాత మాత్రం ప్రతి రోజూ చూసేదే. “ఈ చెత్త రేపటికల్లా నా ఆఫీసులో ఉండకూడదు. అంత ప్రేముంటే తీసుకెళ్ళి మీ ఇంట్లో దండలేసుకోండి,” అన్నాడు. అందరూ విన్నారు. నేను మర్నాడు పొద్దున్నే ఆటో తెచ్చి, ఆ మాట విన్నవాళ్ళ ముందే కవర్లన్నీ ఇనప్పెట్టెల్లో సర్ది, తీసుకెళ్ళిపోయాను. వంటల పేజీ నాకిచ్చారు. గుత్తి వంకాయ మీద నాకున్న పరిజ్ఞానం చూసి జిల్లా ఆడవాళ్ళు ఉత్తరాలు కూడా రాశారు.

ఇల్లు నెగిటివులకు చోటు కాదు. తేమ తగిలితే ఒకదానికొకటి అంటుకుని, పులిసిన వాసన వస్తుంది. వానాకాలమంతా పెట్టెల్లో సున్నం మూటలు పెట్టి, ఎండ కాసినప్పుడు నీడలో ఆరబెట్టి, నానా తిప్పలు పడ్డాను. ఎక్కడైనా పదిలమైన చోట అప్పజెబుదామని బయల్దేరాను. అప్పుడు తెలిసింది, మా ఇన్‌చార్జి ఒంటరివాడు కాదని.

మొదట ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదగా టీ ఇప్పించి, నెగిటివు పట్టీని తలకిందులుగా పట్టుకుని చూసి, “ఇవి పుస్తకాలు కావు గదమ్మా. పుస్తకమైతె నంబరేసి పెడ్తం. దీనికి నంబరెక్కడ వెయ్యాలె?” అన్నాడు. కవరు మీద వేయొచ్చన్నాను. “కవరు పుస్తకం కాదు గదా,” అన్నాడు. ఆయన లోకంలో అట్ట ఉన్నదే ఉన్నట్టు. ఆ గదిలో చెదలు పట్టిన అట్టలు మాత్రం నంబర్లతో సహా చాలా ఉన్నాయి.

తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పే ఒక లెక్చరర్. ఊళ్ళో ఏ సభ జరిగినా మన ఘన వారసత్వం గురించి మైకు వదలడని పేరు. అరగంట పాటు కాకతీయుల గురించి నాకు చెప్పాడు. నేను ప్రింట్లు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటొకటే పక్కన పెట్టేస్తూ, ఖమ్మం ఖిల్లా ఫొటో దగ్గర ఆగాడు. ఖిల్లా గోడ కింద వరుసగా గుడిసెలు, ఒక పొయ్యి, పొయ్యి ముందు కట్టెలు ఎగదోస్తున్న ఒక ఆడమనిషి.

“ఇది బాగుంది మేడమ్. ఇదే యాంగిల్‌ల మనుషులు అడ్డం లేకుంట ఉన్నది ఏమన్న ఉందా?”

“మనుషులు లేని ఫొటోనా?”

“అవ్. ఖిల్లా నీట్‌గా కనబడాలె గదా. గీ గుడిసెలు ఎందుకు?”

ఆ గుడిసెలు తర్వాత తీసేశారు, ఆ మనుషులు ఎటు పోయారో ఎవరూ రాయలేదు, అవి ఉన్నాయనడానికి ఈ ఒక్క ఫొటోనే మిగిలింది అని చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “సోషల్ హిస్టరీ అంటరు దాన్ని. మా సిలబస్‌ల లేదు,” అన్నాడు. సిలబస్‌లో లేనిది జరగలేదని నమ్మే మనిషి దగ్గర పిల్లలు చరిత్ర నేర్చుకుంటున్నారు.

ఇక ఆ పెద్దవాళ్ళ గుమ్మాలు వదిలేశాను. ఒక చలికాలం, వరదల ఫొటోలు పెద్ద సైజు ప్రింట్లు వేయించుకుని, మా అన్నను వెంటబెట్టుకుని భద్రాచలం బస్సెక్కాను. ఆయన కోటు వేసుకునే వచ్చాడు. ఆ ఫొటోలు తీసిన పల్లె గోదావరి పక్కన, అడవి అంచున ఉంది. భద్రాచలం నుంచి ఆటో, తర్వాత నడక. నా ఉద్దేశం ఒక్కటే. ఫొటోల్లో ఉన్నవాళ్ళ పేర్లు తెలుసుకుని వెనక రాసిపెట్టాలి. రిబ్బన్ల వాళ్ళకున్న మర్యాద వీళ్ళకూ ఉండాలి. ఆ ఉద్దేశం చాలా గొప్పదని దారి పొడుగునా నాకు అనిపిస్తూనే ఉంది.

గట్టు మీద మేకలతో కూర్చున్న ఆమె మూడో ఇంటి ముందే దొరికింది. ఇన్‌చార్జి ముసలమ్మ అన్నాడు గానీ, నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. పెసలు చెరుగుతోంది. ఫొటో చేతిలో పెడితే చాలాసేపు చూసింది. తర్వాత ఇంట్లోవాళ్ళను పిలిచి కోయ మాటలో ఏదో చెప్పింది. అందరూ చుట్టూ చేరి ఫొటోలో మేకల్ని ఒక్కొక్కదాన్నీ వేలుపెట్టి చూపించుకుని, ఒక మేక దగ్గర పగలబడి నవ్వారు. అప్పుడామె నావైపు తిరిగింది. నవ్వు లేదు.

“గిది పేపర్ల వచ్చిందా?”

“వచ్చిందమ్మా. అప్పట్లోనే.”

“ఏమని రాసిండ్రు?”

నేను మిగతా ప్రింట్లు సర్దసాగాను. మా అన్న చెప్పేశాడు. “దిక్కుతోచని గిరిజన మహిళ అని రాసిండ్రు.”

ఆమె చేట పక్కన పెట్టింది. “దిక్కు తోచనిది నాకా? బోటు మీద వచ్చి, ఫొటో కొట్టి, బువ్వ పొట్లం కూడ ఇయ్యకుంట పోయిండ్రు మీరు. ఇన్నేండ్లు ఈ ఫొటో ఏడ పెట్టిండ్రు?”

“పెట్టెలో. మా ఇంట్లో జాగ్రత్తగా దాచాను.”

“మా ఫొటో మీ ఇంట్ల ఎందుకు? మా ఇంట్ల ఉండొద్దా?”

ఊరి చరిత్ర దాచాలి, దాచాలి అని తిరిగాను గానీ, గ్రంథాలయాలు, కాలేజీలు తప్ప ఈ గడప నా ఆలోచనకే రాలేదు. తెచ్చిన ప్రింట్లన్నీ అక్కడే ఇచ్చేశాను. ఆమె తన పేరు చెప్పింది, వెనక రాయమంది, రాసింది ఏమిటో చదివి వినిపించమంది. మిగతా ఆడవాళ్ళు కూడా చెప్పారు; అవన్నీ నా పుస్తకంలోనూ రాసుకున్నాను. ఒకాయన మాత్రం తనున్న ఫొటో అందుకుని, తన మొహం మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నాడు.

“నా పేరు రాయకు.”

“ఎందుకన్నా?”

“ఓసారి మా ఊరోళ్ళ ఫొటో పేపర్ల పడ్డది. ఇందుల ఉన్నోడెవడని పోలీసోళ్ళొచ్చి అడిగిండ్రు. ఈళ్ళు పోయినంక అడవిలోళ్ళొచ్చి ఆళ్ళూ గదే అడిగిండ్రు. పేరు లేకుంటెనే మంచిది.”

నేను పెన్ను మూసేశాను. పేర్లు లేని ఫొటోలన్నీ మా నిర్లక్ష్యమేనని అప్పటిదాకా అనుకున్నాను. కొన్ని పేర్లు వాళ్ళే దాచుకున్నారు, ప్రాణం దాచుకున్నట్టు. ఆ లెక్చరరుకు ఇదెప్పుడైనా చెప్పాలనుకున్నాను, తర్వాత అనవసరమనిపించింది. తిరిగి వస్తుంటే బస్సులో మా అన్న కోటు జేబులన్నీ వెతుకుతున్నాడు. ఏంటని అడిగితే, “కెమెరా తేలేదు చెల్లె. ఇరవై ఏండ్లల్ల ఫస్ట్‌టైము,” అన్నాడు.

ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి పాత ఫొటోలకు ఉన్నట్టుండి విలువొచ్చింది. హైదరాబాదులో ఎక్కడో పాత ఫొటోల ప్రదర్శన పెడితే మంత్రులొచ్చారట. ఆ వార్త చదివిన మా ఊరి పెద్దమనుషుల క్లబ్బు మేమూ పెడతామని లేచింది. ఎవరో నా పేరు చెప్పారు. క్లబ్బు కార్యదర్శి ఇంటికొచ్చి, పెట్టెల ముందు చెప్పులు విడిచి కూర్చున్నాడు. ముందుగా తన తాతగారు కోస్తా నుంచి వచ్చి పొలం కొన్నప్పటి ఫొటో ఉందేమో చూడమన్నాడు. లేదన్నాను. కొంచెం నిరాశపడ్డాడు. నేనొక్క షరతు పెట్టాను. పేర్లు చెప్పుకున్నవాళ్ళ పేర్లు ఫొటోల కింద పెద్ద అక్షరాలతో ఉండాలి. తప్పకుండా అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, అబద్ధం ఆడకూడదు. పేరు చెప్పుకున్న ప్రతి ఒక్కరి పేరూ అచ్చుతప్పుల్లేకుండా రాయించాడు.

ప్రదర్శన రోజు హాలుకు వెళ్తే ఫొటోలు కనబడలేదు. గోడ పొడుగునా వాటిని తగిలించారు. వాటి ముందు స్టేజీ కట్టారు. స్టేజీ వెనక, ఫొటోలకు సరిగ్గా అడ్డంగా, గోడంత ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద క్లబ్బు పెద్దల మొహాలు, వాళ్ళకంటే పెద్దగా ముఖ్య అతిథి మొహం. ముఖ్య అతిథి మా పాత ఇన్‌చార్జి. అప్పటికి పెద్ద పదవిలోకి వెళ్ళాడు. శాలువా కప్పుకుని, “అసలు ఈ ఫొటోలు మన జాతి సంపద. వీటిని నా హయాంలో కంటికి రెప్పలా కాపాడాం,” అని మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. మా అన్న నా పక్కనే కూర్చుని చప్పట్లు కొట్టలేదు. కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, ఏదో ఒకటి విసరడానికి వెతుకుతున్నట్టు చూశాడు.

సభ సగంలో గోదావరి పల్లె నుంచి ఆమె వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. కళ్ళ దవాఖానాకు వచ్చి, ఫొటోలు పెట్టారని తెలిసి ఇటొచ్చారట. గుమ్మం దగ్గర నిలబడి హాలంతా చూసి, నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

“ఏవి?”

ఫ్లెక్సీ వైపు చూపించాను. ఆమె స్టేజీ మీది మొహాలను, ఫ్లెక్సీ మీది మొహాలను మార్చి మార్చి చూసింది. చెంగు నడుముకు చుట్టి, స్టేజీ పక్క నుంచి, మైకు వైర్ల మీదుగా దాటుకుని ఫ్లెక్సీ వెనక్కి వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే వెళ్ళారు. ముఖ్య అతిథి మాట తడబడింది గానీ ఆగలేదు. వారసత్వం గురించి చెబుతూనే ఉన్నాడు. నేనూ లేచి వెళ్ళాను. ఫ్లెక్సీకీ గోడకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఆ ముగ్గురూ ఫ్లెక్సీకి వీపులు ఆనించినట్టు జరుగుతూ, ఒక్కొక్క ఫొటో ముందు ఆగి, మొహం దగ్గరికి పెట్టి చూస్తున్నారు. వాళ్ళ నీడలు ఫ్లెక్సీ మీద నుంచి హాలుకు కనబడుతున్నాయని తర్వాత తెలిసింది. మేకల ఫొటో దగ్గర ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు మైకులో పడింది.

మా అన్న కూడా వెనక్కి వచ్చాడు, మా పేపరు తరఫున స్టేజీ ఫొటోలు తీస్తున్న బామ్మర్దిని చెయ్యిపట్టి లాక్కుని. “స్టేజి చాలు గాని, ఈళ్ళను కొట్టు. జల్దీ,” అన్నాడు. బామ్మర్ది విసుక్కుంటూనే కెమెరా ఎత్తి రెండు మూడు కొట్టాడు. ఆడవాళ్ళు ముగ్గురూ తమ ఫొటోల పక్కన నిటారుగా నిలబడ్డారు. ఫొటోకు అలా నిలబడమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు; వాళ్ళే నిలబడ్డారు.

మర్నాడు పేపర్లో స్టేజీ ఫొటో పెద్దదిగా వచ్చింది. కుడి నుంచి ఎడమకు అందరి పేర్లు. వారం పోయాక ఆఫీసులో బామ్మర్దిని అడిగాను, ఫ్లెక్సీ వెనక తీసిన ఆ ఫొటో ఇవ్వమని, ఆ పల్లెకు ప్రింటు పంపాలని.

“అయ్యో, కార్డు నిండిపోతే డిలీట్ చేశానండి. స్టేజీ మీదవి ఉన్నాయి, ఇమ్మంటారా?”

అక్కర్లేదని చెప్పి మెట్లు దిగాను.